నల్లబడిన ప్లగ్గు, తిరుత్తణి పెట్రోలు

నగరిలో ఓ మెకానిక్ షెడ్డు ముందు ఈ వారం చూసిన దృశ్యం ఈ కాలమిస్టు ఒళ్లు మండించింది. ఏకాంబరకుప్పంలో మరమగ్గాలు నడిపే ఓ కార్మికుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్ప్లెండర్‌ను తోసుకుంటూ వచ్చాడు. "అన్నా, బండి పెట్రోలు తాగేస్తాండాది. ప్లగ్గు మళ్లీ నల్లగయింది" అన్నాడు. మెకానిక్ ప్లగ్గు విప్పి, దాని మొహమైనా చూడకుండా డబ్బాలో పడేసి, కొత్తది బిగించాడు.

విప్పిన ప్లగ్గును చూడకుండా పారేయకూడదని ఈ శీర్షిక ఎంతకాలంగా మొత్తుకుంటోందో పాత పాఠకులకు తెలుసు. కొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టు. మసి పొడిగా, వేలికి అంటుకునేలా ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదు. అప్పుడు చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్, పూర్తిగా వెనక్కి రాని చోక్, కార్బరేటర్ ఫ్లోట్ బౌల్‌లో పెరిగిన పెట్రోలు మట్టం, అరిగిన జెట్. మగ్గాల షెడ్డు పక్కన నిలబెట్టే బండికి దుమ్ముతో పాటు నూలు నుసి కూడా ఫిల్టర్‌లో చేరుతుంది. అదే మసి తడిగా, జిడ్డుగా ఉంటే మండుతున్నది ఇంజన్ ఆయిల్. రింగులో, వాల్వ్ సీళ్లో అరిగిపోయాయి. ఈ రెంటికీ మందు ఒకటి కాదు.

చూడకుండా మార్చే అలవాటు ఎక్కడిదంటే, టూ స్ట్రోక్ రోజుల నాటిది. మైసూరులో తయారైన ఎజ్డీకి పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసేవాళ్లు. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కు ఆయిల్ ట్యాంకు వేరుగా ఉన్నా, ఆ ఆయిల్ కూడా సిలిండర్‌లో మండాల్సిందే. ప్లగ్గుకు జిడ్డు పట్టడం అప్పట్లో జబ్బు కాదు, మామూలే. టూల్ బాక్సులో ప్లగ్ స్పానరు, గుడ్డలో చుట్టిన మైకో ప్లగ్గు లేకుండా దూరప్రయాణానికి ఎవరూ బయల్దేరేవాళ్లు కాదు. రోడ్డు పక్కన బండి ఆపి, ఉప్పు కాగితంతో గీకి, ఊది, మళ్లీ బిగించడం ప్రతి కుర్రాడికీ వచ్చు. అదే 1985లో హీరో హోండా సీడీ 100 ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌తో వచ్చింది. అందులో ఆయిల్ ఉండాల్సింది కింద, క్రాంక్ కేసులో. ప్లగ్గు దాకా వచ్చిందంటే లోపల ఏదో పాడైనట్టే. ఇంజన్ మారింది గానీ చేతి అలవాటు మారలేదు.

ప్లగ్గు తెల్లారేసరికి నల్లబడే బండితో నగరి వాళ్లు చేసే ఇంకో పని, సరిహద్దు దాటి తమిళనాడులోని తిరుత్తణిలో పెట్రోలు పోయించుకోవడం. ఇక్కడ లీటరు 110 రూపాయలు, అక్కడ 101 అనుకుందాం. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బండికి కిలోమీటరుకు 20 పైసలు మిగులుతుంది. అదే బండిని బాగుచేయించి 60 రప్పిస్తే, ఊళ్లోనే పోయించుకున్నా 61 పైసలు మిగులుతుంది. తిరుత్తణి దాకా పోయి రావడానికే అర లీటరు పైనే ఖర్చు. అయిదు లీటర్ల మీద మిగిలేది 45 రూపాయలు.

కాబట్టి ఆ ప్రయాణం మానుకోమని రాయాలనుకుంటూనే ఈ కాలమిస్టు డబ్బాలోని ప్లగ్గు తీసి చూశాడు. పొడి మసి, జిడ్డు లేదు. ఆ కార్మికుడిని అడిగితే, బండి తిరిగేది రోజూ ఇంటి నుంచి మగ్గాల షెడ్డుకు, షెడ్డు నుంచి టీ అంగడికి, అదీ చోక్ లాగి అన్నాడు. ప్లగ్గు కొన 450 డిగ్రీల దాకా వేడెక్కితేనే దాని మీది కార్బన్ దానంతటది కాలిపోతుంది. సందుల్లో తిరిగే బండికి ఆ వేడి రాదు. వారమంతటిలో అతని ఇంజన్ నిలకడగా పరుగెత్తి సరిగ్గా వేడెక్కేది పెట్రోలు కోసం పోయే తిరుత్తణి రోడ్డు మీదే. లెక్కలో నష్టమనిపించిన ప్రయాణమే ప్లగ్గుకు కావలసింది.

అందుకని పొమ్మనే చెప్పాల్సి వచ్చింది. ముందు ఫిల్టర్ మార్చి, చోక్ పూర్తిగా కిందికి నొక్కి, వెనక చక్రాన్ని స్టాండు మీద తిప్పి బ్రేకు పట్టేస్తోందేమో చూసుకోవాలి. పట్టే బ్రేకు మైలేజీని తినేస్తుంది గానీ ప్లగ్గును నల్లబరచదు. అక్కడ ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించేదాకా మీటరు రాసుకోవాలి. తిరిగొచ్చి ఇంజన్ చల్లారాక ప్లగ్గు విప్పాలి. అప్పటికీ మసే ఉంటే, కొత్త ప్లగ్గు వేయమని కాదు, ఫ్లోట్ బౌల్ విప్పమని మెకానిక్‌ను అడగాలి.