ఆష్ జాబితాలో లేని మాట

సాంఘిక మనోవిజ్ఞానంలో సాలొమన్ ఆష్ 1946లో అచ్చేసిన ప్రయోగం తప్పనిసరి పాఠం. ఒక మనిషి తెలివైనవాడు, నేర్పరి, కష్టజీవి, ఆప్యాయత గలవాడు, పట్టుదల గలవాడు అంటూ కొన్ని గుణాలు ఒక జట్టు విద్యార్థులకు చదివి వినిపించాడు. ఇంకో జట్టుకు అదే జాబితాలో 'ఆప్యాయత' తీసేసి 'ముభావం' పెట్టాడు. ఆ ఒక్క మాటతో మనిషి బొమ్మే మారిపోయింది. కొన్ని గుణాలు కేంద్రంలో ఉండి మిగతావాటికి అర్థం చెప్తాయని తేల్చాడు.

బాగానే ఉంది. గాని ఆ జాబితాలో మనిషికి పేరు లేదు, ఊరు లేదు. మన దగ్గర గుణాల దాకా పోయేదెవరు? "ఏ ఊరు? ఇంటిపేరేంటి? ఊళ్ళో ఎటువైపు?" అనే మూడు ప్రశ్నల్లోనే బొమ్మ గీయడం అయిపోతుంది. ఆ తర్వాత ఒకరిలో ప్రతిభ అనిపించుకున్న తెలివే మనలో 'కోటా' అయిపోతుంది. ఒకరి పట్టుదల దీక్ష, మనది పొగరు.

దీనికి మందుగా గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954 పుస్తకాన్ని చూపిస్తారు. కలిసిమెలిసి ఉంటే దురభిప్రాయాలు పోతాయని క్లాసులో ఒక ముక్కలో చెప్పేస్తారు. ఆల్‌పోర్ట్ అంత తేలిగ్గా అనలేదు. కలిసేచోట ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం, సహకారం ఉండాలి, చట్టమో అధికారమో దాన్ని బలపరచాలి అన్నాడు. పాఠంలో ఈ షరతులే జారిపోతాయి. కలవకపోవడమా మన సమస్య? మాలపల్లె, మాదిగవాడ జనం తరాల తరబడి పెద్దకులాల పొలాల్లో నాట్లేశారు, కళ్ళాల్లో నూర్చారు. వాళ్ళకు మన పేర్లు తెలుసు (సగం పేర్లు వాళ్ళు విరిచి పిలిచినవే). కూలీగా, ఆసామిగా రోజూ కలిస్తే దురభిప్రాయం ఎట్లా తగ్గుతుంది?

మనకు మింగుడుపడని సంగతి ఒకటుంది. రెమా హన్నా, లీ లిండెన్ 2012లో అచ్చేసిన అధ్యయనంలో, మన దేశంలోనే, జవాబు పత్రాల పైకాగితం మీద పిల్లల కులాన్ని లాటరీ పద్ధతిన రాసి టీచర్లచేత దిద్దించారు. కింది కులం అని రాసిన పత్రాలకు కొద్దిగా మార్కులు తగ్గాయి. తగ్గించింది ముఖ్యంగా కింది కులాల టీచర్లే. దీన్ని దాచిపెట్టనక్కర్లేదు. కులం మనసులోని భావన అని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో 1936లోనే వాదించారు. గాని మనసు దగ్గర ఆగకుండా, ఆ భావనకు పవిత్రత ఇచ్చిన శాస్త్రాల దాకా పోయారు. ఆ టీచర్లకు ఆ కొలబద్ద ఎవరిచ్చారన్న ప్రశ్నకు ఆష్ జాబితాలో చోటు లేదు.