తాళాలు తీయించే పని

రిటైరైన ఫైర్‌మన్‌ను పనికి పిలిచేవాళ్ళు చాలామందే ఉన్నారు. శాలువా కప్పి పంపించిన వారం తిరక్కుండానే ఫోన్లు మొదలవుతాయి. షాపింగ్ కాంప్లెక్సులు, ఫంక్షన్ హాళ్ళు, గేటెడ్ కమ్యూనిటీలు, మందుల ఫ్యాక్టరీలు, ప్రైవేటు ఆసుపత్రులు. తెలంగాణలో విరమణ వయసు 61 ఏళ్ళు. అప్పటికి మోకాళ్ళు నిచ్చెనకు సహకరించవు, నడుము హోస్ చుట్టను ఎత్తనివ్వదు. కళ్ళు మాత్రం పని మానవు. పెళ్ళికి వెళ్ళినా, సినిమాకు వెళ్ళినా రెండో మెట్లదారి ఎక్కడుందో, కరెంటు ప్యానెల్ పక్కన ఏం పేర్చారో చూసుకున్నాకే కూర్చోనిస్తాయి. ఆ చూపు ఇంకా ఎవరికైనా పనికొస్తుందన్న ఆశతోనే నేనూ పార్ట్‌టైమ్ పనికోసం తిరిగాను.

మొదట పిలిచింది ఒక వ్యాపార సముదాయం వాళ్ళు. మేనేజరు మర్యాదస్తుడు. కాఫీ తెప్పించి, "సార్, మీరు రోజూ రానక్కర్లేదు. నెలాఖరుకు ఒక్కసారి వచ్చి రిజిస్టర్లో సంతకాలు పెట్టి వెళ్ళండి, చాలు" అన్నాడు. పంపు రూము చూస్తానన్నాను. తాళంచెవి దొరకడానికే చాలాసేపు పట్టింది. లోపల మూడు పంపులూ ఉన్నాయి. లైనులో ప్రెషరు నిలబెట్టే చిన్న జాకీ పంపు, కరెంటుతో నడిచే పెద్ద పంపు, కరెంటు పోతే అందుకునే డీజిల్ పంపు. ఏ అంతస్తులో హైడ్రెంట్ వాల్వు తిప్పినా ప్రెషరు పడిపోగానే ఇవి వాటంతటవే నడవాలి. అందుకే స్విచ్చులు ఎప్పుడూ 'ఆటో'లో ఉంచుతాం. ఇక్కడ జాకీ పంపు ఆపేసి ఉంది. పైపు ఎక్కడో కారుతోందట, మాటిమాటికీ పంపు నడిచి బిల్లు పెరుగుతోందట. డీజిల్ పంపు బ్యాటరీ వైర్లు ఊడదీసి ఉన్నాయి. రిజిస్టర్లో మాత్రం నెలనెలా అన్నీ 'ఓకే'. ఆ వరుస కింద నా సంతకం కావాలన్నమాట. లైను బాగుచేయించండి, అప్పుడొస్తానని చెప్పి వచ్చేశాను. వాళ్ళు మళ్ళీ పిలవలేదు.

విరమణకు దగ్గరపడిన నా తోటివాళ్ళకు ఇది గట్టిగా చెప్పాలనిపిస్తుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు. వాళ్ళ ఊపిరి తీసింది పొగ. పొగ కమ్మిన మెట్లమీద మనిషికి దొరికేది కొద్ది నిమిషాలని మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆ నిమిషాల్లో పంపు అందుకుంటుందని, తలుపు తెరుచుకుంటుందని మన సంతకం హామీ ఇస్తుంది. చూడని పంపుకు మనం హామీ ఇవ్వకూడదు, ఎంత ఇచ్చినా సరే.

కొన్ని కంపెనీలు "నాగ్‌పూర్ కోర్సు చేశారా?" అని అడిగాయి. అక్కడి జాతీయ అగ్నిమాపక కళాశాలలో సబ్ ఆఫీసర్ కోర్సు చేసినవాళ్ళకు ఫైర్ ఆఫీసర్ ఉద్యోగాలు దొరుకుతాయి. లీడింగ్ ఫైర్‌మన్‌గా దిగిపోయిన నాలాంటివాళ్ళకు సెక్యూరిటీ సూపర్‌వైజర్ పని చూపించారు. గౌరవమైన పనే, కానీ రాత్రి డ్యూటీలు నా ఒంటికి పడవు.

చివరికి ఒక ఆసుపత్రిలో కుదిరింది. వారానికి రెండు పూటలు. నర్సులకు, వార్డుబాయ్‌లకు, ఆయాలకు నేర్పడం, అంతస్తులన్నీ తిరిగి చూడడం. డబ్బు పెద్దగా లేదు, పింఛనుకు తోడు. ఇంతకన్నా నాకు నచ్చిన పని దొరకదు.

ఎందుకంటే ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు పరిగెత్తలేరు. 2011 డిసెంబరు 9న కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో తెల్లవారుజామున బేస్‌మెంట్లో మంట పుట్టింది. కార్లు నిలపాల్సిన చోట సామాను నింపారు. పొగ పైఅంతస్తులకు పాకి, మంచాల మీదే తొంభైమంది దాకా పోయారు. కేరళ నుంచి వచ్చిన ఇద్దరు యువ నర్సులు రోగులను బయటికి చేరుస్తూ ప్రాణాలు వదిలారు. 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీ వైద్య కళాశాలలో నవజాత శిశువుల వార్డు తగలబడి పదిమంది పసికందులు పోయారు. క్లాసు మొదలుపెట్టేముందు ఈ రెండు తేదీలూ బోర్డు మీద రాస్తాను.

తర్వాత దుప్పటి తీస్తాను. రోగి వేషానికి ఒక వార్డుబాయ్‌ని నేలమీద పడుకోబెడతాం. దుప్పటి అంచులు రెండువైపుల నుంచీ ఛాతీమీదకు తెచ్చి ముడివేయాలి. తలవైపు కొసలు రెండు చేతులకూ చుట్టుకుని, తల నేలకు తగలకుండా కాస్త పైకెత్తి, నడుము వంచకుండా మోకాళ్ళు వంచి వెనక్కి నడవాలి. మొన్న ఒక బక్కపలచని నర్సు "నావల్ల కాదు సార్" అంటూనే తనకు రెట్టింపు బరువున్నవాణ్ణి నున్నటి గచ్చుమీద వార్డు చివరిదాకా లాక్కెళ్ళింది. ఆ అమ్మాయి ముఖంలో వెలుగు చూడాలి. లాక్కెళ్ళాల్సింది మెట్లకు కాదని కూడా చెబుతాను. ముందు పొగను ఆపే తలుపు దాటించి అదే అంతస్తులో పక్క విభాగానికి చేర్చాలి. మెట్లమాట తర్వాత. ఐసీయూ ఆక్సిజన్ వాల్వు ఎవరు మూయాలో ముందే పేరు పెట్టి తేల్చుకోవాలి. మూసేలోపు వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి రోగి దగ్గరా, చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కే చెయ్యి ఒకటి ఉండాలి. వాల్వు మూయమని చెప్పాల్సింది ఇన్‌ఛార్జి సిస్టరే, నేను కాదు.

అమెరికాలో చాలా ఊళ్ళలో ఫైర్‌మన్, పారామెడిక్ ఒక్కరే. మంట ఆర్పినవాడే సెలైన్ ఎక్కిస్తాడు. మనకు రెండూ వేరు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యేదాకా మాత్రం, దెబ్బలు తగిలినవాళ్ళను ఏ వాహనం దొరికితే అందులో ఎక్కించి పంపిన రోజులు మావి. ప్రథమ చికిత్స అలా చేతికి అలవాటైంది. అందులో ఒక సంగతి ఎమర్జెన్సీ వార్డు కుర్రాళ్ళకు పదేపదే చెబుతుంటాను. పొగలోంచి బయటపడినవాడు నడుస్తాడు, మాట్లాడతాడు, తలనొప్పి తప్ప ఏమీ లేదంటాడు. వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే 98 చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి ఆక్సిజన్ తీసేయకండి. రక్తంలోకి చేరిన కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా ఆ పరికరం ఆక్సిజన్‌గానే లెక్కపెడుతుంది. మాస్కు అలాగే ఉంచి, రక్తపరీక్ష చేయించమని డాక్టరుగారికి చెప్పండి.

ఇక తలుపులు. మూడో అంతస్తు చివర అత్యవసర ద్వారానికి గొలుసేసి తాళం కనిపించింది. రోగులు బిల్లు కట్టకుండా వెళ్ళిపోతారని వేశారట. ఎవరిని అడిగినా తాళంచెవి ఉందనే అన్నారు. నేల తుడుస్తున్న ఆయా ఒక్కతే అసలు సంగతి చెప్పింది. "సారూ, చెవి సూపర్‌వైజర్ కాడ ఉంటది. ఆయన రాత్రి ఇంటికి పోతడు గద." అదే మాట తీసుకెళ్ళి యాజమాన్యం ముందు పెట్టాను. వాళ్ళు వాదించలేదు, అందుకు కృతజ్ఞుణ్ణి. గొలుసు తీసి, లోపలి నుంచి నొక్కితే తెరుచుకునే కడ్డీ పెట్టించారు. తెరిస్తే అలారం మోగుతుంది. బిల్లు సంగతి దానితోనే తీరింది. ఇప్పుడు నా రౌండులో ఆ ఆయాను పలకరించకుండా పోను. ఏ మెట్లమీద పాత పరుపులు పేర్చారో, ఏ గదిలో హీటర్ వాడుతున్నారో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

పని ఒప్పుకునేముందు భవనమంతా తిరిగి చూడనిస్తారా అని అడగండి. తాళం తీయమంటే తీస్తారా అని అడగండి. ఈ రెండింటికీ ఔనన్నచోట తక్కువిచ్చినా చేరండి.

పెద్ద ఆసుపత్రులు ఎలాగో ఒకలా మనిషిని పెట్టుకుంటాయి. నా బెంగ జిల్లా పట్టణాల్లోని నర్సింగ్‌హోముల గురించి. ఇంటిని ఆసుపత్రిగా మార్చినవి ఎన్నో, కింద జనరేటరు, పైన బాలింతల వార్డు, మధ్య ఒకే మెట్లదారి. ఒక్కోదానికి ఒక ఫైర్ ఆఫీసర్ అంటే భారమే. నాలుగైదు కలిసి ఒక రిటైర్డ్ లీడింగ్ ఫైర్‌మన్‌ను పెట్టుకుంటే తలా వారానికొక పూట వస్తుంది, ఖర్చూ పంచుకోవచ్చు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో బొంబాయి రేవులో ఓడ పేలి అగ్నిమాపక సిబ్బంది చనిపోయిన రోజు ఏప్రిల్ 14. ఆ వారం మావాళ్ళు ఆసుపత్రులకు వచ్చి ప్రదర్శన ఇస్తారు. డాక్టర్లు అప్పుడే స్టేషన్ ఆఫీసర్‌ను పక్కకు పిలిచి, ఈ ఊళ్ళో విరమణ చేసినవాళ్ళు ఎవరున్నారని అడిగితే చాలు. పేర్లు ఆయన దగ్గరే ఉంటాయి.