సాక్షియు, చదువరియు : ప్రీమో లేవీ స్మృతిగ్రంథములు

రెండవ ప్రపంచయుద్ధకాలమున నాజీలు యూరపు ఖండములోని యూదులను దాదాపు 60 లక్షలమందిని సంహరించిరి. హోలోకాస్ట్ అని పేరొందిన ఆ మారణకాండనుండి బ్రతికి బయటపడినవారి స్మృతిగ్రంథములను గూర్చి సాధారణముగా వినవచ్చు ప్రశంస ఒకటి కలదు: ఇవి కంటతడి పెట్టించును, కావున ఉత్తమములు. ఈ కొలత చాలదు. కన్నీరు త్వరగా వచ్చును, త్వరగా ఆరును. పుస్తకము మూసిన పిదప చదువరి రచయితను ఏమి ప్రశ్నించెను, ఏ సాకు వెదకెను, దేనిని ఒప్పుకొనలేకపోయెను అనునవి చూచినగాని, గ్రంథము అతనిపై చేసిన పని తెలియదు. ఇట్టి పరీక్షకు ఇటలీ రచయిత ప్రీమో లేవీ కృతులు మిక్కిలి అనుకూలమైనవి. తన చదువరుల ప్రశ్నలను, ఉత్తరములను ఆయన భద్రపరచి, తుదకు వానిని గూర్చియే ఒక ప్రకరణము వ్రాసెను.

లేవీ 1919లో ట్యూరిన్ నగరమున జన్మించెను. రసాయనశాస్త్ర పట్టభద్రుడు. 1943 డిసెంబరులో పట్టుబడి, 1944 ఫిబ్రవరిలో ఔష్విట్స్ నిర్బంధశిబిరమునకు పంపబడెను. 1945 జనవరి 27న సోవియట్ సేనలు వచ్చువరకు అచ్చటనే యుండెను. తిరిగివచ్చి వ్రాసిన 'ఇతడు మనుష్యుడైనచో' అను అర్థము వచ్చు గ్రంథమును ఐనాఉది అను పేరుగల ప్రచురణసంస్థ నిరాకరించెను. 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు అచ్చువేయగా, అవియైనను పూర్తిగా చెల్లలేదు. మరల 1958లో ఆ ఐనాఉదియే దానిని ప్రకటించెను; అప్పటినుండి చదువరులు పెరిగిరి. ఈ నడుమ గ్రంథమున చేరినది కొలది. మారినది వినువారి మనస్సు. ఎలీ వీసెల్ రచనకును ఇట్టి చరిత్రయే కలదు. 1956లో బ్యూనస్ ఐరిస్ నగరమున యిడ్డిష్ భాషలో వెలువడిన పెద్ద గ్రంథము, 1958లో మోరియాక్ పీఠికతో, ఫ్రెంచి భాషలో సంక్షిప్తరూపమున వచ్చిన పిదపనే ఇతర జాతులవారికి చేరినది.

లేవీ గొంతు పెంచడు. బాధితుని విలాపమును విడిచి, సాక్షికి తగిన నిదానమైన భాషను బుద్ధిపూర్వకముగా గ్రహించితినని, తీర్పు చెప్పవలసినవాడు చదువరియేయని, విద్యార్థులకై 1976లో వ్రాసిన అనుబంధమున ఆయన వివరించెను. ఆ నిదానమునకు మంచి ఉదాహరణము దాంతే ఘట్టము. శిబిరమున పులుసుకుండ తెచ్చుటకై లేవీయు, ఫ్రెంచి మాటలాడు ఒక యువకుడును నడచిపోవుచుందురు. ఆ యువకునికి ఇటాలియన్ నేర్చుకొన కోరిక. లేవీ దాంతే కావ్యములోని యులిసీస్ వృత్తాంతమును చదివి అర్థము చెప్పబూనును. నడుమ కొన్ని పంక్తులు గుర్తురావు. వానిని గుర్తుచేసినవారికి ఆ దినపు పులుసును ఇచ్చివేయుదునని తలచును. ఆకలిచే చచ్చువాడు అన్నమునకు బదులుగా పద్యపాదమును కోరుట! ఇంతలో వారు వంటశాల చేరుదురు. ఆనాటి పులుసు ఏ కూరతో కాచినదో తెలియును. ప్రకరణము ముగింపునకు వచ్చును. బాల్యమున భాగవతపద్యములు కంఠస్థము చేసిన తెలుగువానికి దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. పరభాషాప్రాంతమున పొరుగువానికి తన పద్యమును తెలియజెప్పబోయి, మాటలు చాలక ఆగినవానికి ఇంకను అక్కరలేదు. ఈ పుటలలో ఎవరును ఏడ్వరు. అయినను చదువరి తన చేతిలోని అన్నపుముద్దను గూర్చి కొత్తగా ఆలోచించును.

కన్నీటిని కొలతగా గొన్నచో కలుగు ప్రమాదమును వేరొక గ్రంథము చూపినది. 1995లో బిన్యామిన్ విల్కొమిర్స్కి అను పేరుతో, శిబిరములలో గడచిన శైశవమును గూర్చి ఒక స్మృతిగ్రంథము జర్మన్ భాషలో వచ్చెను. అది బహుభాషలలోనికి పరివర్తితమై, బహుమానములను పొందెను. చదివినవారు చలించిరి. 1998లో ఒక పాత్రికేయుడు ఆ రచయిత స్విట్జర్లాండులో పుట్టి పెరిగినవాడని, ఏ శిబిరమునను బందీ కాలేదని బయటపెట్టెను. తరువాత ప్రచురణకర్త గ్రంథమును ఉపసంహరించుకొనెను. చదువరుల దుఃఖము నిజమే, దానికి ఆధారము మాత్రము లేదు. నిజమైన సాక్షులకు ఇంతకన్న అపకారము ఉండబోదు.

ఇక చదువరుల ప్రశ్నలు. ఏల పారిపోలేదు, ఏల తిరుగబడలేదు అని పాఠశాలలయందు విద్యార్థులు లేవీని పలుమారు అడిగిరి. ఒక బాలుడైతే శిబిరపు పటమును నల్లబల్లపై గీయించుకొని, కావలివానిని చంపి, వాని దుస్తులు ధరించి, విద్యుత్తును ఆపి తప్పించుకొను ఉపాయము చెప్పి, మరల అట్టి ఆపద వచ్చినచో అటులే చేయుడని హితవు పలికెనట. నవ్వు వచ్చును గాని నవ్వరాదు. తప్పించుకొనుట లేని కథను ఆ బాలుడు భరింపలేకపోయెను. పెద్దలు అడుగు ప్రశ్న కూడ ఆ జాతిదియే. తల గొరిగించుకొని, ఆకలితో, కొయ్యచెప్పులతో, ఎదుటివాని భాష తెలియక, పోవ చోటు లేక యున్నవాని స్థితి చలనచిత్రవీరుని స్థితి కాదు. అయినను 1943లో త్రెబ్లింకా, సొబిబోర్ శిబిరములందును, 1944 అక్టోబరులో బిర్కెనౌ యందును తిరుగుబాట్లు జరిగెనని లేవీ గుర్తుచేయును.

1961లో జర్మన్ అనువాదము వెలువడెను. తన గ్రంథము వాస్తవముగా ఎవరికొరకు వ్రాయబడెనో ఆ జనులు ఇపుడు చదువబోవుచున్నారని లేవీ కలతపడెను. ఒక్క మాటయు మార్చరాదని ప్రచురణకర్తను ముందే హెచ్చరించెను. కాని అనువాదకుడు ఇటలీలో నాజీలకు ఎదురు పోరాడిన జర్మనుడని తెలిసి శాంతించెను. ఇరువురును ప్రతి ప్రకరణమును కలసి పరిశీలించిరి. తాను శిబిరమున చెవులార విన్న కటువైన జర్మన్, పుస్తకపు జర్మన్‌గా మెత్తబడరాదని ఆయన పట్టుదల. 1961 మొదలు 1964 వరకు జర్మనులనుండి సుమారు 40 ఉత్తరములు వచ్చెను. పెక్కు యువతరమువారివి. ఒక చదువరి మాత్రము ప్రజలు మోసపోయిరని సమాధానపడెను. తన జీవితమున కోపముతో వ్రాసిన ఉత్తరము బహుశః ఆయనకిచ్చిన ప్రత్యుత్తరమొకటేయని లేవీ చెప్పుకొనెను. నిదానమే శైలిగా గలవాని కలము ఆ సాకుకడ నిలువలేకపోయెను.

ఈ పరీక్షకు ఒక పరిమితి కలదు. ఉత్తరము వ్రాసినవారు పుస్తకము కొని చదివినవారు, అనగా కొంతవరకు మనస్సు సిద్ధపడినవారు. అపరాధమున భాగము గలవారిలో అధికులు వ్రాయలేదు. వారి మౌనమును ఏ విమర్శకుడును లెక్కగట్టలేడు. వ్రాసినవారిలో ఒక మహిళ ఉత్తరములు మాత్రము 1966లో మొదలై 16 ఏండ్లు నడచెను. 1986లో ప్రకటించిన 'మునిగినవారు, తేలినవారు' అను తన కడపటి వ్యాససంపుటిలో లేవీ, జర్మనుల ఉత్తరములకు కేటాయించిన ప్రకరణమున ఆమెను గూర్చి విపులముగా వ్రాసెను.