కదలని పొర

అయస్కాంత సెన్సర్ల మీద ఈ వారం చదివిన వార్తలోనూ అదే వరస. నిరోధం ఇన్ని శాతం మారింది కాబట్టి పరికరం గొప్పదని తేల్చేశారు. ఎంత క్షేత్రంలో మారిందో ఒక్క ముక్క లేదు. ఈ శాతాల మోజు గురించి ఇక్కడ చాలాసార్లు రాశాను, మళ్లీ రాయక తప్పడం లేదు. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బర్ ఫెర్ బృందం ఇనుము, క్రోమియం పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, అయస్కాంత క్షేత్రంలో పెట్టి చూస్తే నిరోధం దాదాపు సగానికి పడిపోయింది. అదే కాలంలో జర్మనీలో పీటర్ గ్రూన్‌బర్గ్ కూడా ఈ ప్రభావాన్నే కనుగొన్నారు. 2007 నోబెల్ ఇద్దరికీ దక్కింది. అయితే ఫెర్ ఫలితానికి ద్రవ హీలియం చలి, సుమారు 2 టెస్లాల క్షేత్రం కావలసి వచ్చాయి. భూమి క్షేత్రానికి అది నలభై వేల రెట్లు. భౌతికశాస్త్రంలో మహత్తర ఫలితమే, కానీ దానితో చిన్న క్షేత్రాన్ని కొలవలేం.

కొలిచే దారి చూపింది 1991లో ఐబీఎం పరిశోధకుల స్పిన్ వాల్వ్. మార్పు 5 శాతమే, కానీ గది ఉష్ణోగ్రతలో, ఒక మిల్లీటెస్లా పాటి క్షేత్రానికే. రెండు అయస్కాంత పొరల మధ్య రెండు మూడు నానోమీటర్ల రాగి ఉంటుంది. పొరల దిశలు కలిస్తే ఎలక్ట్రాన్లు సులువుగా సాగుతాయి, ఎదురైతే ఎక్కువగా చెదురుతాయి. ఒక పొర బయటి క్షేత్రానికి తిరుగుతుంది, రెండోది తిరగకూడదు. నా దృష్టిలో పనితనమంతా ఈ రెండోదాని దగ్గరే ఉంది. తూకపురాయి బరువు మారిపోతుంటే తక్కెడ ఎంత సున్నితమైతే ఏం లాభం? అందుకే దాన్ని ఇరిడియం-మాంగనీస్ వంటి యాంటీఫెర్రోమాగ్నెట్ పొరకు ఆనించి, వేడిచేసి, అయస్కాంత క్షేత్రంలోనే చల్లారుస్తారు. దిశ అలా స్థిరపడుతుంది. దాని క్షేత్రం పక్క పొరను లాగకుండా, ఒక నానోమీటరు కూడా లేని రుథీనియం పొరకు అవతల ఎదురు దిశలో మరో అయస్కాంత పొరను నిలుపుతారు. తిరిగే పొర సహజ దిశను ఆ స్థిర దిశకు లంబంగా ఉంచితేనే చిన్న క్షేత్రానికి నిరోధం సరళరేఖలో మారుతుంది, క్షేత్రం ఎటువైపుందో కూడా తెలుస్తుంది. రాగిని ఇంకా పలుచన చేస్తే శాతం పెరగవచ్చు. కానీ పొరల గరుకుదనం వల్ల రెండు అయస్కాంతాలూ ముడిపడిపోయి, తిరగాల్సినది మొండికేస్తుంది.

శాతం పెరిగితే సంకేతం పెరుగుతుంది కదా అంటారు. నిజమే. రాగి బదులు మెగ్నీషియం ఆక్సైడ్ పెట్టిన సొరంగ సంధుల్లో 2004లోనే దాదాపు 200 శాతం వచ్చింది, హార్డ్ డిస్కుల రీడ్ హెడ్లు ఆ బాటే పట్టాయి. అక్కడ కావలసింది చదివే వేగం, దానికి పెద్ద సంకేతం కావాలి. ఆ శాతాన్ని నేనూ కాదనను. నెమ్మదిగా మారే బలహీన క్షేత్రాన్ని కొలిచేటప్పుడు మాత్రం ఆ సంధుల్లో తక్కువ పౌనఃపున్యాల రొద కూడా పెద్దదే. సంకేతం పెరిగినంతగా రొదా పెరిగితే మిగిలేదేమీ లేదు. కాబట్టి ఇలాంటి వార్త మళ్లీ కనబడితే పాఠకులు రెండు అడగండి: ఆ మార్పు ఎంత క్షేత్రానికి వచ్చింది, రొద ఎంత?