ఫ్లెచర్ పనితనం బాణం తోకలో

డంకన్ ఫ్లెచర్ మన క్రికెట్ అభిమానులకు కొత్త కాదు; 2011 నుంచి 2015 దాకా భారత జట్టు కోచ్. ఆ ఇంటిపేరు బాణాలు కట్టే వృత్తిది. నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి వెంట వచ్చిన మాట. 13, 14 శతాబ్దాల్లో చేసే పనే ఇంటిపేరుగా స్థిరపడుతుంటే విల్లు చేసేవాడు బోయర్, అలుగులు కొట్టే కమ్మరి ఆరోస్మిత్, అల్లెతాడు పేనేవాడు స్ట్రింగర్ అయ్యారు. లండన్ ఫ్లెచర్లు 1371లో బోయర్ల నుంచి విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. వేరుపడేంత పని అందులో ఉందా అంటే, ఉంది.

పుల్లను సాపుగా చిత్రిక పట్టడం ఒక ఎత్తు, తోక కట్టడం ఒక ఎత్తు. పెద్దబాతు రెక్క ఈకలు మూడు కావాలి. మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి. ఎడమ రెక్క ఈక ఒక పక్కకు వంగితే కుడి రెక్కది రెండో పక్కకు వంగుతుంది. కలిపి కట్టారా, ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. ఒకే వైపువైతే బాణం గిర్రున తిరుగుతూ సూటిగా పోతుంది. ఆ మూడింట్లో ఒకటి, తాడు కూర్చునే గాడికి అడ్డంగా నిలవాలి. లేకపోతే వదిలేటప్పుడు వింటిబద్దకు ఈక ఒరుసుకుంటుంది.

1545లో సోలెంట్ జలసంధిలో మునిగి, 1982లో పైకి తీసిన మేరీ రోజ్ యుద్ధనౌకలో వేల బాణాలు దొరికాయి. ఇనుప అలుగులు తుప్పుపట్టి పోయాయి, ఈకలూ పోయాయి. తోక దగ్గర బంక పూత, దాని మీద దారం చుట్ల గుర్తులు మాత్రం ఉన్నాయి. బంకలో రాగి ఆనవాళ్లున్నాయి. పురుగు పట్టకుండా చిలుము కలిపి ఉంటారు. గాడి దగ్గర ఇంకో జాగ్రత్త: తాడు తాకిడికి పుల్ల చీలకుండా సన్నటి కొమ్ముముక్క అడ్డంగా దూర్చారు. వదిలాక చేతికి తిరిగొస్తుందో లేదో తెలియని వస్తువుకు ఇంత శ్రద్ధ! అదీ 24 చొప్పున కట్టలు కట్టి, పుంఖానుపుంఖాలుగా యుద్ధానికి పంపే సరుకుకు.

సర్కారు కూడా ఈ పనిని చిన్నచూపు చూడలేదు. బాణాలకు కొరత రాకూడదని, ఆస్పెన్ కర్రతో పావుకోళ్ల లాంటి చెక్కచెప్పులు చేయొద్దని 1416లో చట్టమే తెచ్చారు. తర్వాత తుపాకులొచ్చి వృత్తిని మింగేశాయి, ఇంటిపేరు మిగిలింది.

పోర్ట్స్‌మత్ వైపు వెళ్లే తెలుగువాళ్లు మేరీ రోజ్ మ్యూజియం తప్పక చూడండి. అక్కడ విల్లుల దగ్గరే ఆగిపోకుండా, బాణాల తోకలను కాస్త వంగి చూడండి.