ఛాయాచిత్రం ఎవరి సొత్తు?

తీసినవానిదా, తీయించినవానిదా, అందులో నిలిచినవానిదా? ఈ ప్రశ్నకు అమెరికా న్యాయస్థానాలు చెప్పిన సమాధానాలు తోటకూలీల సంతతివారమైన మనం శ్రద్ధగా పరిశీలించదగినవి.

నెపోలియన్ సరోనీ తీసిన ఆస్కార్ వైల్డ్ చిత్రాన్ని ఒక ముద్రణ సంస్థ అనుమతి లేకుండా 85,000 ప్రతులు వేసుకున్నది. కూర్చునే తీరును, దుస్తులను, వెలుగునీడలను తీర్చినవానికి గ్రంథకర్తకున్నట్లే హక్కు కలదని 1884లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇది న్యాయమే. ఫోటోగ్రాఫరు కష్టాన్ని ఉచితంగా అనుభవించడం మనకూ సమ్మతం కాదు.

అయితే వైల్డ్ ఇష్టపడి కూర్చున్నాడు. రెంటీకి ఆ స్వేచ్ఛ లేదు. దక్షిణ కెరొలినాలో బానిసగా ఉన్న ఆయనను, కూతురు డీలియాను 1850లో బట్టలు విప్పించి చిత్రాలు తీశారు. తీసినవాడు జోసెఫ్ జీలీ. తీయించినవాడు హార్వర్డ్ ఆచార్యుడు లూయీ అగస్సీ. మానవజాతులు వేర్వేరుగా సృష్టింపబడ్డాయన్న తన వాదానికి అవి సాక్ష్యమవుతాయని అతని ఆశ. తాను రెంటీ వంశస్థురాలినని చెబుతూ తమారా లనియర్ 2019లో హార్వర్డ్‌పై దావా వేశారు. మనోవేదనకు పరిహారం కోరవచ్చు గాని, చిత్రాలపై ఆస్తిహక్కు లేదని 2022లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. చివరకు 2025లో రాజీ కుదిరి, హార్వర్డ్ ఆ చిత్రాలను వదులుకోవడానికి అంగీకరించింది.

మొదటిది కాపీరైటు తగాదా, రెండవది వస్తువు ఎవరి చేతిలో ఉన్నదన్న తగాదా. లోపం మాత్రం ఒక్కటే. చట్టం కెమెరా వెనుకనున్నవానిని చూసింది, పెట్టె తాళం ఉన్నవానిని చూసింది. కెమెరా ఎదుట నిలబెట్టబడినవానిని చూడలేదు.

బానిసత్వమూ కూలి ఒప్పందమూ ఒకటి కావు. అయినా 1860ల నుండి మారిషస్‌లో గుర్తింపు కోసం మనవారిని కెమెరా ముందు నిలబెట్టినప్పుడు, వద్దనే వీలు వారికి మాత్రం ఎక్కడిది? మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్న ఆ ముఖాలు నేడు మనకు కుటుంబ చరిత్ర.

అందుచేత చిత్రాలు ప్రచురించే మనవారికి మా మనవి. ఫోటోగ్రాఫరు జీవించి ఉంటే ఆయన అనుమతి అడగండి, పేరు వేయండి. అంతటితో ఆగకండి. చిత్రంలోని మనిషి పేరు, ఊరు, వచ్చిన ఓడ తెలిసినంతవరకు కింద రాయండి. వారసులు ఉంటే వారినీ అడగండి. చట్టం చెప్పకపోయినా అది మన ధర్మం.