తడి ఒకచోట, లీకు ఒకచోట

కారు కింద నూనె మరక కనిపించగానే దానికి సరిగ్గా పైన ఏ భాగం ఉందో చూసి, నింద దాని మీద వేసేస్తాం. డిఫరెన్షియల్ విషయంలో ఈ తొందర పనికిరాదు. బండి పరుగెత్తుతుంటే కింది నుంచి కొట్టే గాలి నూనెను వెనక్కి తోస్తుంది. ముందు సీల్ దగ్గర పుట్టిన చెమ్మ వెనక మూత అంచు దాకా పాకి, అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట బొట్టై రాలుతుంది.

నా దగ్గరున్నది 1994 మాజ్దా మియాటా. ఇంజిన్ ముందు, లాగే చక్రాలు వెనక. ఇప్పుడు మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లలో డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా చూసినవాళ్లు తక్కువ. అంబాసిడర్ నడిపినవాళ్లకూ, ఆటోనగర్ లారీ మెకానిక్కులకూ దాని గురించి చెప్పక్కర్లేదు. ముందు నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చేచోట ఒక ఆయిల్ సీల్ (పినియన్ సీల్), చక్రాలకు షాఫ్టులు వెళ్లే చోట అటొకటి ఇటొకటి. వెనక మూత, పైన గాలి పోయే బ్రీథర్, నూనె పోసే, తీసే బిరడాలు. వీటిలో ఏదైనా కారవచ్చు.

మొదట వాసన చూడాలి. డిఫరెన్షియల్ లోపలి క్రౌన్, పినియన్ గేర్ల పళ్లు దొర్లడమే కాక ఒకదాన్నొకటి రాసుకుంటూ జారుతాయి. ఆ ఒత్తిడి తట్టుకోవడానికి జీఎల్-5 గేర్ ఆయిల్‌లో గంధకం, భాస్వరం సమ్మేళనాలు కలుపుతారు. ఆ ఘాటు ఇంజిన్ ఆయిల్‌కు ఉండదు, బ్రేక్ ఫ్లూయిడ్‌కు అసలే ఉండదు. చొక్కాకు అంటితే ఎన్ని ఉతుకులైనా పోదు, దాని మీద ఇంట్లో జరిగే చర్చ ఇక్కడ రాయను.

తర్వాత కడగడం. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాకే. డిఫరెన్షియల్ మొత్తాన్ని క్లీనర్‌తో కడిగి, ఆరాక పౌడరు చల్లి, కాసేపు తిప్పుకొచ్చి చూస్తే తెల్లటి పౌడరు మీద నల్లటి చార ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. చాలామంది దాటేసేది ఇదే. నా మటుకు అసలు పనంతా ఇక్కడే ఉంది, మిగతాది పానాలు తిప్పడం.

నా కారులో చార ఎడమవైపు షాఫ్ట్ సీల్ దగ్గర మొదలైంది. పినియన్ సీల్ కానందుకు ఊపిరి పీల్చుకున్నాను. దాన్ని మార్చడానికి పినియన్ నట్టు విప్పితే బేరింగుల బిగువు చెదురుతుంది. మళ్లీ బిగించేటప్పుడు లోపలి గొట్టం అవసరానికి మించి నలిగిందా, వెనక్కి రాదు, కొత్తది వేయాల్సిందే. నట్టు పాత స్థానాన్ని గుర్తు పెట్టుకోకుండా గన్‌తో బిగించేసే మెకానిక్కుకు కారు అప్పగించకండి.

అయినా సీల్ జోలికి వెంటనే వెళ్లలేదు. నడుస్తున్నప్పుడు నూనె వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బ్రీథర్ మూసుకుపోతే ఆ గాలి సీల్ పెదవిని తోసి నూనెతో సహా బయటపడుతుంది. నేను బండి నడిపే న్యూజెర్సీలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు నా బ్రీథర్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాన్ని మార్చి కొన్నాళ్లు తిరిగితే లీకు తగ్గింది కానీ ఆగలేదు. రెండూ ఒకేసారి మార్చి ఉంటే దేని వాటా ఎంతో తెలిసేది కాదు.

అప్పుడు సీల్ పని మొదలుపెట్టాను. నూనె తీసే బిరడా కన్నా ముందు పోసే బిరడా వదులవుతుందో లేదో చూడాలి. అది రాకపోతే ఖాళీ డిఫరెన్షియల్‌తో కారు అక్కడే ఉండిపోతుంది. హబ్‌ను బయటికి వాల్చి షాఫ్ట్‌ను లాగాను. పాత సీల్ పెదవి గట్టిపడి ఉంది, షాఫ్ట్ మీద సన్నని గీత. కొత్త సీల్‌ను కొంచెం తక్కువ లోతులో కూర్చోబెడితే పెదవి గీత మీద కాక నున్నటి చోట ఆనుతుంది. పెదవికి నూనె రాసి, షాఫ్ట్ పళ్లు తగలకుండా నెమ్మదిగా దూర్చాలి. కారు సమంగా ఉన్నప్పుడే, పోసే రంధ్రం అంచు నుంచి పొర్లేదాకా, సుమారు ఒక లీటరు నూనె. ముందుభాగం పల్లంగా ఉంటే కొలత తప్పుతుంది. ఎక్కువైన నూనె బ్రీథర్ నుంచి కక్కితే మళ్లీ లీకని కంగారు.

ఎలాగూ విప్పావు కదా, కుడివైపుది కూడా మార్చెయ్ అన్నారు మిత్రులు. పొడిగా ఉన్న సీల్‌ను పీకడం నాకు ఇష్టం లేదు. కొని పెట్టాను, సొరుగులో ఉంది.